రొట్టెకు పట్టిన పగులు

సిరొంచ, మహారాష్ట్ర

చిన్నీ, బుజ్జోడా,

2024 డిసెంబరు 4 పొద్దున, ఏడున్నర కావస్తుండగా చాయ్ తాగుతున్నా. ఇంటి రేకులు గలగలమన్నాయి, గ్లాసులో చాయ్ తొణికింది. గోదావరి అవతల ములుగు జిల్లాలో 5.3 భూకంపం. "తాతా, భూమి ఎందుకు ఊగింది?" అని మీరు ఫోన్ చేస్తే, భూదేవి ఒళ్లు విరుచుకుందన్నా. నానమ్మ నన్ను కోప్పడింది. అందుకే ఈ ఉత్తరం. మీది మరాఠీ బడి, కూడబలుక్కొనైనా చదవండి.

జొన్నరొట్టెను రెండు ముక్కలు చెయ్యండి. అంచులు కలుస్తాయి, సరే. పెనం మీద మాడిన మచ్చ కూడా సగం ఇటు, సగం అటు ఉంటే? ఒకే రొట్టె, అనుమానం లేదు. 1912లో వెగెనర్ అనే జర్మన్ ఆయన ఖండాల గురించి అదే అన్నాడు. గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు మన బొగ్గు పొరల్లో ఉన్నాయి, అంటార్కిటికా రాళ్లలోనూ ఉన్నాయి. అదే ఆ మచ్చ. ఖండాలను తోసేదేమిటో సరిగా చెప్పలేకపోయాడని చాలామంది నవ్వారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో పోయాడు పాపం. లోకం ఒప్పుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పైనే పట్టింది.

మన దేశం, అంటార్కిటికా కలిసి ఉన్న ఆ పెద్ద రొట్టె పేరు గోండ్వానా. మన పక్కూళ్ల గోండుల పేరే!

అది చీలకముందే మన దగ్గర ఒక పగులు పట్టింది, రెండు ముక్కలు కాకుండానే ఆగింది. అప్పటి అడవులు అందులో పూడి బొగ్గయ్యాయి. ఇప్పుడు ప్రాణహిత, గోదావరి ఆ దారినే పారుతున్నాయి. మన ముక్క ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతోంది. ఆసియాను ఒత్తుకున్న అంచు ముడతపడి హిమాలయమైంది. ఆ ఒత్తిడి ఇక్కడిదాకా వస్తుంది, పాత పగులున్న చోట కిర్రుమంటుంది. బుజ్జోడికి పదేళ్లు. వాడు పుట్టాక మన ఇల్లు అరమీటరు జరిగింది, సాత్‌బారాలో, అదే మన భూమి కాగితంలో, మాత్రం ఎక్కలేదు.

రొట్టెను జరిపేదెవరని చిన్ని అడుగుతుంది. లోపలి వేడికి రాయి కూడా మెల్లగా పారుతుందట. సముద్రం అడుగున చల్లబడి బరువెక్కిన నేల లోపలికి జారుతూ వెనకదాన్ని లాగుతుందట. ఇక్కడ నా రొట్టె పనికిరాదు.

చిన్నప్పుడు బర్రెలు కాస్తూ రోజూ ఒక మొద్దు మీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు కట్టెలకని దాని మీద గొడ్డలి వేస్తే గొడ్డలి మొన విరిగింది. నాయిన రెండు తగిలించాడు. అది రాయైపోయిన చెట్టని నాకు తెలిసేసరికి నాయిన లేడు.

అలాంటివి మన సిరొంచ దగ్గరి వడధంలో ఉన్నాయి. డైనోసార్ ఎముకలూ దొరికాయి. ఎండాకాలం సెలవులకు రండి, ఎండెక్కకముందే పోదాం. చెంబుతో నీళ్లు తీసుకెళ్దాం. మొద్దు మీద కాసిని పోసి చూడండి, చెట్టు గీతలు పైకి తేలతాయి.

మీ తాత