లాటరీ తేల్చిన గురుబలం

అక్టోబరులో అర్థశాస్త్ర నోబెల్ ప్రకటన రాగానే పాత వాదన మళ్లీ లేస్తుంది. బహుమతి ప్రతిభకా, గైడ్ పలుకుబడికా? అర్థశాస్త్ర ప్రొఫెసర్ వాసిలీ లియోంటీఫ్ శిష్యుల్లో నలుగురికి, ఆ నలుగురిలో ఒకరైన రాబర్ట్ సోలో శిష్యుల్లో మరో నలుగురికి నోబెల్ వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. దాంతో ఏదీ తేలదు. తెలివైన విద్యార్థులే మంచి గైడ్‌ను వెతుక్కుంటారని ఒక పక్షం మొదటినుంచీ అంటోంది.

ఆ మాటకు గట్టి పరీక్ష 2004లో ఎదురైంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ మహిళా కమిటీ, అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా ఉన్న మహిళలకు 'సిమెంట్' పేరుతో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టింది. సీనియర్లతో చిన్న గుంపులుగా కూర్చుని ఒకరి పేపర్ ఒకరు చదివి లోపాలు చెప్పుకోవాలి. గ్రాంట్లు తెచ్చుకోవడం, టెన్యూర్ (ఉద్యోగం శాశ్వతం కావడం) టెన్షన్, అన్నీ మాట్లాడుకోవచ్చు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. ఎవరు తెలివైనవాళ్లో లాటరీకి తెలియదు. అసలు కీలకం ఇదే.

2010లో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. 2004లో సీటు దక్కినవాళ్లు, దక్కనివాళ్ల కంటే ఐదేళ్లలో సగటున 3 పేపర్లు ఎక్కువ ప్రచురించారు. అగ్రశ్రేణి జర్నల్‌లో పేపర్ వచ్చే అవకాశం 25 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంది. రెండు రోజులతో మొదలైన పరిచయమే ఇంత చేసింది. మరి ఏళ్ల తరబడి డ్రాఫ్టులు దిద్ది, ఉద్యోగాల వేళ రికమండేషన్ లెటర్ రాసే గైడ్ సంగతి?

కెనెత్ ఆరో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గణితం చదువుతుండేవారు. ఆర్థిక సాయం కోసం సిఫార్సు చేయమని అక్కడి ప్రొఫెసర్ హెరాల్డ్ హోటెలింగ్‌ను అడిగారు. గణిత విభాగంలో తన మాట చెల్లదనీ, అర్థశాస్త్రానికి మారితే ఫెలోషిప్ ఇప్పించగలననీ ఆయన చెప్పారు. ఆరో మారారు, 1972లో నోబెల్ అందుకున్నారు. ఆయన శిష్యుడు ఎరిక్ మాస్కిన్, మాస్కిన్ శిష్యుడు అభిజిత్ బెనర్జీ, బెనర్జీ శిష్యురాలు ఎస్తేర్ డుఫ్లో. వాళ్లకూ నోబెల్ వచ్చింది. వీళ్ల ప్రతిభను ఎవరూ శంకించడం లేదు. కానీ ఆ వరస మొదలైంది ఒక ప్రొఫెసర్ ఇప్పించిన ఫెలోషిప్‌తో.

ఆరోకు ఆ ఫెలోషిప్ రావడానికి రెండు దశాబ్దాల ముందు, 1921లో, శాడీ అలెగ్జాండర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర పీహెచ్‌డీ పూర్తి చేశారు. అమెరికాలో ఆ పట్టా అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. అర్థశాస్త్రవేత్తగా ఏ విశ్వవిద్యాలయం తలుపూ ఆమెకు తెరుచుకోలేదు. మళ్లీ చదువుకు కూర్చుని, 1927లో లా పూర్తి చేసి లాయరయ్యారు.