ఎర్రమట్టి చారల్లో వానల లెక్క: లియు తుంగ్‌షెంగ్ లోయస్ అధ్యయనం నేపథ్యం

చైనాలోని షీయాన్ నగరానికి ఉత్తరాన లోచ్వాన్ దగ్గర ఓ లోయ అంచున మట్టి గోడలా నిలబడి ఉంటుంది. ఎత్తు సుమారు 135 మీటర్లు. పైనుంచి కిందికి చూస్తే పసుపు, ఎరుపు, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. పసుపు పొర లోయస్, అంటే గాలి మోసుకొచ్చిన సన్నటి దుమ్ము. ఎరుపు పొర ఒకప్పటి నేల. దుమ్ము రాక తగ్గి, వానలు పెరిగి, గడ్డీ గాదం మొలిచి, ఇనుము తుప్పు పట్టి ఏర్పడినది. తూర్పు ఆసియా రుతుపవనాలు గత 26 లక్షల ఏళ్లలో ఎప్పుడు బలపడ్డాయి, ఎప్పుడు నీరసించాయి అన్న ప్రశ్నకు నేల మీద దొరికే అతి పొడవైన జవాబుల్లో ఇదొకటి. అది జవాబుగా కుదురుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

మొదటి తగాదా ఈ మట్టిని తెచ్చింది గాలా, నీరా అన్నది. జర్మన్ భూవిజ్ఞాని ఫెర్డినాండ్ ఫాన్ రిష్ట్‌హోఫెన్ 1870లలోనే గాలి అన్నాడు. వరద ఒండ్రు అనే వాదం మాత్రం 20వ శతాబ్దం మధ్యదాకా బతికే ఉంది.

చైనా భూవిజ్ఞాని లియు తుంగ్‌షెంగ్ 1917లో షెన్యాంగ్‌లో పుట్టాడు, 1942లో కున్‌మింగ్‌లో పట్టా పుచ్చుకున్నాడు. మొదట్లో చేసింది చేపల శిలాజాల పని. లోయస్ దగ్గరికి 1954లో వచ్చాడు, అదీ వాతావరణం కోసం కాదు. పసుపు నది ఏటా సగటున 160 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. సాన్‌మెన్‌షియా దగ్గర ఆనకట్ట కట్టాలంటే ఆ మట్టి ఎక్కడినుంచి కొట్టుకొస్తోందో తెలియాలి. (1960లో నీళ్లు ఆపగానే జలాశయం పూడిపోవడం మొదలైంది. తూములు మార్చి కట్టాల్సి వచ్చింది.)

ఆ ప్రాంతంలో ఓ రాత్రి లియుకు కొండవాలు మీద దీపాలు వరసలు వరసలుగా, మెట్లు పేర్చినట్టు కనిపించాయంటారు. తెల్లారి చూస్తే అవి మట్టిలో తొలిచిన గుహ ఇళ్లు. ప్రతి వరసా ఒక ఎర్ర పొర కిందే ఉంది. కారణం సున్నం. వాననీరు పై నేలలోని సున్నాన్ని కరిగించుకుని కిందికి దిగి, అక్కడ గడ్డలుగా పేరుస్తుంది. నల్లరేగడి పొలం లోతుగా తవ్వితే మన పారకు తగిలేవి అలాంటివే. చైనా రైతులు వాటిని అల్లం రాళ్లంటారు, ఆకారం అచ్చం అల్లం కొమ్మే. ఆ గట్టి పొరను ఇంటి కప్పుగా వాడుకున్నారు. గుహలు తొలిచినవాళ్లకు నేలల వరస భూవిజ్ఞానుల కన్నా ముందే తెలుసన్నమాట.

తర్వాత లియు బృందం పసుపు నది మధ్యభాగాన్ని అడ్డంగా పది దారుల్లో కొలుచుకుంటూ నడిచింది. వాయవ్యాన, ఎడారి పక్కన, రేణువులు ఇసుకలా మోటుగా ఉన్నాయి. ఆగ్నేయానికి పోయేకొద్దీ సన్నబడి బంకమన్ను వైపు జరిగాయి. నీరు తెచ్చిందే అయితే ఒండ్రు పల్లాల్లో ఆగాలి, రేణువుల తీరు నది వాలును అనుసరించాలి. ఇక్కడ మట్టి గుట్ట మీదా లోయలోనూ దుప్పటిలా పరుచుకుంది. గాలి వాదం గెలిచింది.

అసలు చిక్కు లెక్క దగ్గర వచ్చింది. భూగోళ శాస్త్రవేత్తలు పెంక్, బ్రూక్నర్ 1909లో ఆల్ప్స్ పర్వతాల ఆధారంగా మంచుయుగాలు నాలుగు అని తేల్చారు. అది పాఠ్యపుస్తకం అయి కూర్చుంది. ఎర్ర చార అంటే రెండు మంచుయుగాల నడుమ వెచ్చటి కాలం, లోయస్ గోడలో అవి నాలుగుతో ఆగవు. 1961లో వార్సా అంతర్జాతీయ సదస్సు ముందు చైనా బృందం పెట్టిన లెక్కలో చలి, వెచ్చదనం చాలాసార్లు మారాయి. ఇంచుమించు అదే కాలంలో చెకొస్లొవాకియాలోని బ్రనో దగ్గర ఇటుకల కోసం మన్ను తవ్విన గోతుల్లో భూవిజ్ఞాని జార్జ్ కుక్లా కూడా నాలుగుకు మించిన నేలలు లెక్కపెట్టాడు. చారలు ఉన్నాయి సరే, వాటి వయసు ఎంత? పదివేల ఏళ్లో, పది లక్షల ఏళ్లో చెప్పే గడియారం లేదు. అది లేకుండా పాఠ్యపుస్తకాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

గడియారం 1982లో దొరికింది. జ్యూరిక్‌కు చెందిన ఫ్రీడ్రిక్ హెల్లర్, లియు కలిసి లోచ్వాన్ గోడకు అయస్కాంత కాలనిర్ణయం చేశారు. దుమ్ములోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుతాయి. ఆ దిశ తలకిందులైన తేదీలు లావాల నుంచి తెలుసు. ఎండకూ వానకూ పాడైన పైపొరను చెక్కేసి తాజా ముఖం తేవాలి. రెండు సెంటీమీటర్ల భుజంతో ఘనాలు కోసి, కోసేముందే ఉత్తరం ఎటో, పైభాగం ఏదో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు తప్పితే నమూనా చెత్తబుట్టకే. అయస్కాంత క్షేత్రం లేని కొలిమిలో అంచెలంచెలుగా వేడిచేసి, ఈమధ్య అంటుకున్న దిశను చెరిపి, లోపలి పాత దిశను చదవాలి. అడుగు వయసు అప్పట్లో 24 లక్షల ఏళ్లు అని వచ్చింది. తర్వాత దాన్ని 26 లక్షలకు సవరించారు.

ఇంకో కొలత ఇంతకన్నా తేలిక. చిన్న అయస్కాంత క్షేత్రంలో పెడితే మట్టి ఎంత స్పందిస్తుందో చూడటం, ససెప్టిబిలిటీ అంటారు. ఎర్ర నేలల్లో ఇది ఎక్కువ, లోయస్‌లో తక్కువ. 1984లో హెల్లర్, లియు ఆ గీతను సముద్రపు అడుగు మట్టిలోని ఆక్సిజన్ ఐసోటోపుల గీత (భూమ్మీద మంచు పెరిగిన, తరిగిన తీరు చెప్పేది) పక్కన పెడితే ఎగుడుదిగుళ్లు కలిశాయి. నాలుగు మంచుయుగాల లెక్క చైనా నేల మీద అక్కడితో చెల్లిపోయింది.

ఈ కొలతను గుడ్డిగా నమ్మితే దెబ్బతింటారు. తడిసి ఆరే నేలలో అతి సన్నటి అయస్కాంత ఖనిజాలు కొత్తగా పుడతాయి కాబట్టే అంకె పెరుగుతుంది. నీరు నిలిచే చోట ఇనుము కరిగిపోయి అంకె పడిపోతుంది, అప్పుడు ఎక్కువ వాన తక్కువ వానలా కనిపిస్తుంది. అలాస్కా, సైబీరియా లోయస్‌లో చాలాచోట్ల గీత తిరగబడుతుంది. అక్కడ బలమైన గాలి మోసుకొచ్చిన బరువైన అయస్కాంత రేణువుల వల్ల లోయస్‌లోనే అంకె ఎక్కువ. అందుకే పక్కన రేణువుల పరిమాణం కూడా కొలుస్తారు, రేణువు ఎంత మోటుగా ఉంటే దాన్ని తెచ్చిన చలిగాలి అంత బలమైనదని లెక్క. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థం, పలుచటి ఆమ్లంతో సున్నం తీసేసి, ముద్దలు విడగొట్టి లేజర్ యంత్రంలో పెడతారు. సున్నం మిగిలితే సన్నరేణువులు అతుక్కుని మోటువిగా లెక్కకొస్తాయి, చలిగాలి ఉన్నదానికన్నా బలంగా వీచినట్టు తేలుతుంది.

అయస్కాంత గడియారానికీ ఒక పీడ ఉంది. సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందటి దిశ మార్పు సముద్రపు మట్టిలో వెచ్చటి కాలపు పొరలో కనిపిస్తుంది, చైనాలో మాత్రం ఎనిమిదో లోయస్ పొరలో, అంటే చలి యుగపు మట్టిలో. దుమ్ము పడగానే దిశ బిగుసుకోదని, పైన మరికొంత మట్టి పేరాకే స్థిరపడుతుందని ఒక వివరణ. ఎంత లోతులో అన్నది ఇప్పటికీ వాదనే. అగ్నిపర్వత బూడిద దొరికే చోట ఈ గొడవ ఉండదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల నాటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద పొర తానే తేదీ చెబుతుంది, దాని కిందివన్నీ పాతవి, పైవన్నీ కొత్తవి. లోయస్ గోడకు ఆ అదృష్టం లేదు.

2002లో గ్వో ఝెంగ్‌తాంగ్ బృందం చిన్‌ఆన్ దగ్గర గాలి దుమ్ము చరిత్రను 2.2 కోట్ల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. అదే ఏడాది లియుకు అమెరికా శాస్త్రవేత్త వాలెస్ బ్రోకర్‌తో కలిపి, పర్యావరణ రంగంలో ఇచ్చే టైలర్ బహుమతి వచ్చింది. లియు 2008లో కన్నుమూశాడు.

ఇక మిగిలింది సన్నటి కాలం చదవడం. లోచ్వాన్‌లో 135 మీటర్లకు 26 లక్షల ఏళ్లంటే, పది సెంటీమీటర్ల నమూనాలో దాదాపు రెండువేల ఏళ్లు కలిసిపోతాయి. పైగా వానపాములు, వేర్లు కలియబెడతాయి. కొన్ని దశాబ్దాల కరువు అందులో కనపడదు. దుమ్ము వేగంగా పేరిన పడమటి అంచుకు, మందం 300 మీటర్లు దాటే లాంఝౌ వైపు వెళితే కాలం విడివిడిగా దొరుకుతుంది. కానీ అక్కడ వాన తక్కువ. ఎర్ర చారలు పాలిపోయి ఉంటాయి, కొన్నిటిని కంటితో పోల్చుకోవడమే కష్టం.