రాజులు వెళ్లిపోయాక టూరిన్ భవనాల గతి

1997 ఏప్రిల్ 11 రాత్రి ఇటలీలోని టూరిన్‌లో, కేథడ్రల్‌కూ రాజభవనానికీ మధ్యనున్న చాపెల్ అంటుకుంది. యేసు దేహాన్ని చుట్టిన వస్త్రమని భక్తులు నమ్మే గుడ్డ కోసం 17వ శతాబ్దంలో గ్వారినో గ్వారినీ కట్టిన చాపెల్ అది. మరమ్మతులు జరుగుతున్నాయని ఆ వస్త్రాన్ని నాలుగేళ్ల ముందే కేథడ్రల్‌లోకి మార్చి, బుల్లెట్‌ప్రూఫ్ అద్దాల మధ్య ఉంచారు. ఫైర్ సిబ్బంది సుత్తులతో ఆ అద్దం పగలగొట్టి, పెట్టెతో సహా బయటికి మోసుకొచ్చారు. మంటలు రాజభవనానికీ అంటుకున్నాయి. అదే డిసెంబరులో ఆ భవనంతో పాటు టూరిన్‌ను ఏలిన సవోయ్ వంశం నివాసాలు చాలావాటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక్క ఊరి చుట్టూ ఇన్ని భవనాలు ఎందుకు కట్టారు? 1563లో సవోయ్ డ్యూక్ ఇమ్మాన్యుయేల్ ఫిలిబెర్ట్ ఆల్ప్స్‌కు అవతలనున్న షాంబెరీ నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. ఒక పక్క ఫ్రాన్స్, మరో పక్క మిలాన్‌ను ఏలుతున్న స్పెయిన్. రెండు పెద్ద రాజ్యాల మధ్య చిన్న రాజ్యం. తామూ తక్కువవాళ్లం కాదని చూపించుకోవడానికి వాళ్లు కట్టడాలనే నమ్ముకున్నారు. ఆయన తర్వాతి తరాలు టూరిన్ దగ్గర్లోని వెనారియాలో, స్టుపినీజీలో వేట భవనాలు లేపాయి. 1729లో ఫిలిప్పో జువారా మొదలుపెట్టిన స్టుపినీజీ గోపురం మీద కంచు దుప్పి నిలబడి ఉంటుంది.

1861లో సవోయ్ రాజు కింద ఏకమైన ఇటలీకి టూరిన్ తొలి రాజధాని అయింది. ఆ వైభవం నాలుగేళ్లే. ఫ్రాన్స్‌తో ఒప్పందం ప్రకారం రాజధాని ఫ్లోరెన్స్‌కు వెళ్తోందని 1864 సెప్టెంబరులో తెలియగానే జనం వీధుల్లోకి వచ్చారు. కాల్పుల్లో పదుల మంది చనిపోయారు. మరుసటి ఏడాది రాజధాని వెళ్లిపోయింది. 1946 రెఫరెండంలో ఇటలీ ప్రజలు రాచరికాన్నే వద్దన్నారు.

వెనారియా కష్టాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. నెపోలియన్ కాలంలో దాని తోటలను సైనికుల కవాతు మైదానంగా మార్చేశారు. ఆ తర్వాత భవనం బ్యారక్స్ అయింది, చివరికి పాడుబడింది. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. శిథిలమైందంటే వయసు మీద పడి అనుకుంటాం, కానీ దీన్ని చెడగొట్టింది చాలావరకు మనుషులే. 1999లో పెద్ద ఎత్తున పనులు మొదలై 2007లో జనానికి తలుపులు తెరిచారు. జువారా పొడవాటి గ్యాలరీలో ఇప్పుడు రెండు వైపులా కిటికీల వెలుగు నలుపు తెలుపు గళ్ల నేల మీద పడుతుంది. టూరిన్‌లోనే ఉన్న మరో సవోయ్ నివాసం, వాలెంటీనో కోట అదృష్టం వేరు. అక్కడ ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదువుకుంటారు. పాత భవనానికి రోజూ మనుషులు తిరిగే పని ఒకటి ఉండాలనేది నా గట్టి అభిప్రాయం.

కాలిన చాపెల్ బాగవడానికి 21 ఏళ్లు పట్టింది. వేడికి పగిలిన పాలరాతి స్థానంలో అదే రాయి పెట్టాలని, ఎప్పుడో మూతబడిన ఫ్రబోసా క్వారీని మళ్లీ తెరిచారు. 2018లో చాపెల్ తెరుచుకుంది. వస్త్రం మాత్రం కేథడ్రల్‌లోనే ఉండిపోయింది.