యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

యాప్‌ల తెరలు గీయడం నా వృత్తి. ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ రంగులో ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి అని రోజంతా తేల్చుకుంటూ ఉంటాను. నెల్లూరులో ఇంటి నుంచే పని కాబట్టి, తెలిసినవాళ్లలో ఎవరి ఖాతాలో చెప్పాపెట్టకుండా డబ్బు కోత పడినా ఫోను నా చేతికే వస్తుంది. వాళ్ల నోట పదేపదే విన్న మాటలు ఇవి.

అపోహ: ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుంది.

ఆగదు. ఫోనులో ఉండేది యాప్ మాత్రమే, చందా మీ ఖాతాకు అంటుకుని ఉంటుంది. గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో రద్దు చేయాలి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కితే ఆ జాబితా కనబడుతుంది. యూపీఐ ద్వారా కట్టినవి మీ యూపీఐ యాప్‌లో 'ఆటోపే' కింద ఉంటాయి. ఒకసారి తెరిచి చూడండి, మరిచిపోయినవి ఒకటి రెండు దొరికినా ఆశ్చర్యం లేదు.

అపోహ: రద్దు బటన్ కనబడకపోవడం నా తెలియనితనం.

"తమ్ముడూ, నాకు చూపు మందగించిందా, రద్దు అన్నది ఎక్కడా కనబడడం లేదు" అన్నారు కావలిలో ఫొటో స్టూడియో నడిపే ఒకాయన. చూపు బాగానే ఉంది. కనబడకుండా గీసే వాళ్లు ఉన్నారు. ఒకప్పుడు నేనూ గీశాను.

చందాలు అమ్మే ఒక కంపెనీకి రద్దు కోసం నేను మొదట ఇచ్చింది ఒకే తెర: రద్దు చేయమంటారా, అవును, కాదు. అది వెనక్కి వచ్చింది. మార్చి మార్చి చివరికి అయిదు తెరలయ్యాయి. మొదటి రెండింటిలో 'కొనసాగిస్తాను' అన్న బటన్ నారింజ రంగులో తెర నిండా ఉంటుంది, 'రద్దు' దాని కింద సన్నని బూడిద రంగు అక్షరాల్లో ఉంటుంది. వేలు ఆ కింది చోటుకు అలవాటు పడుతుంది కదా, మూడో తెరలో రెండింటి స్థానాలూ మారతాయి. చూడకుండా నొక్కితే మళ్లీ మొదటికే. నాలుగో తెర ఎందుకు వెళుతున్నారని అడుగుతుంది. అయిదో తెరలో రద్దు బటన్ మీద 'రద్దు' అన్న మాటే ఉండదు, 'వద్దు, నా రాయితీ వదులుకుంటాను' అని ఉంటుంది. ఏ తెర దగ్గర ఎంతమంది వెనక్కి తిరిగారో ప్రతి వారం లెక్క వచ్చేది. ఎక్కువ మంది తిరిగిన వారం మాకు మెచ్చుకోళ్లు. ఆ మెచ్చుకోళ్లు తీసుకున్నవారిలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు.

ఇలాంటి ఎత్తులకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. అమెజాన్ ప్రైమ్ మీద అమెరికా వాణిజ్య కమిషన్ 2023లో వేసిన కేసులో, సభ్యత్వం రద్దు చేసే దారికి ఆ కంపెనీ లోపల 'ఇలియడ్' అని పేరుందని రాశారు. అది గ్రీకుల సుదీర్ఘ యుద్ధకావ్యం. మనవాళ్లయితే చాటభారతం అని ఉండేవారు. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు ఆ కేసు రాజీ అయింది.

అపోహ: నెలనెలా కడుతున్నాను కాబట్టి ఏ నెలలోనైనా మానేయవచ్చు.

స్టూడియో ఆయన అనుకున్నదీ అదే. ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు, ఆల్బమ్‌ల సాఫ్ట్‌వేర్ రెండు నెలలు ఆపుదామని వెళితే మిగిలిన నెలల సొమ్ములో సగం రుసుము కట్టమంది. ఆయన తీసుకున్నది ఏడాది ప్లాను, కట్టేది మాత్రం నెలనెలా. చెల్లింపు తెరలో నెల ధర పెద్ద అంకెల్లో, 'ఏడాది' అన్న మాట దాని కింద చీమ తలకాయంత. నిజంగా నెలవారీ ప్లాను ధర ఎక్కువే, కానీ ముహూర్తాలను బట్టి పని చేసేవారికి అదే చవక. ఏడాది ప్లాను నెలకు వెయ్యి, నెలవారీ ప్లాను పదిహేను వందలు అనుకోండి. ఏడాదిలో అయిదు నెలలే వాడితే నెలవారీ ప్లానులో 7,500తో పోతుంది, ఏడాది ప్లానును మధ్యలో మానకుండా కొనసాగిస్తే 12,000.

అపోహ: ఆటోపే ఆపేస్తే పని పూర్తయినట్టే.

సగం నిజం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ప్రతిసారీ ఓటీపీ అడగకుండా కోసుకునే చందాలకు కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి, అక్కడి నుంచే ఆపుకునే వీలూ ఉండాలి. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకండి. అయితే అక్కడ ఆగేది డబ్బే. ఒప్పందం అలాగే ఉంటుంది, కంపెనీ దాన్ని బాకీ అనవచ్చు. అందుకే ముందు కంపెనీ దగ్గర రద్దు, తరువాత ఆటోపే రద్దు. రెండింటికీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్.

అపోహ: రద్దు చేశాక డబ్బు దానంతట అదే తిరిగి వస్తుంది.

రాదు. రద్దు అంటే ఇకపై కోయరని మాత్రమే, వాపసు వేరుగా అడగాలి. గూగుల్ ప్లేలో కట్టిన 48 గంటల లోపు గూగుల్‌నే అడగవచ్చు, ఆ తరువాత సాధారణంగా యాప్ తయారీదారు దగ్గరికి పొమ్మంటారు. ఆలస్యం చేయకండి.

అపోహ: కంపెనీ ఎక్కడో ఉంది, ఇక్కడ కూర్చుని మనం చేయగలిగేది ఏమీ లేదు.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దును అసాధ్యంగానో చిక్కుముడిగానో మార్చే చందా ఉచ్చు వాటిలో ఒకటి. భారతదేశంలో సేవలు అమ్మే విదేశీ వేదికలకూ అవి వర్తిస్తాయి. మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో. కట్టిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే రుసుము లేదు. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదని కంపెనీలు వాదిస్తాయి, కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్నవారికి మినహాయింపు ఉంది.

కావలి ఆయన 1915కు ఫోను చేశారు. ఫిర్యాదు సంఖ్యను కాగితం మీద రాసి, స్టూడియో కౌంటరు అద్దం కింద, పాస్‌పోర్టు ఫొటోల ధరల చీటీ పక్కన పెట్టుకున్నారు. ఇంకా తేలలేదు.