ప్లేటు ఛాతీ మీదా, తల వెనకా?

వెల్లకిలా పడుకుని మొండెం పైకెత్తి లేచే సిట్‌అప్స్ చేసేటప్పుడు 5 కిలోల ప్లేటును, అంటే గుండ్రటి బరువు బిళ్లను, తల వెనక పట్టుకోమని జిమ్‌లో చెప్పారట. అది ప్రమాదం కాదా అని ఒక పాఠకురాలు అడిగారు. ఎన్ని కిలోలన్నది ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు, ఎంత దూరాన అన్నది కూడా చూడాలి.

నిండు బిందెను చంకన పెట్టుకుని ఊరి చివరి నుంచి ఇంటికి నడిచి రాగలవారు కూడా, అదే బిందెను చేతులు ముందుకు చాచి పట్టుకోమంటే నిమిషం నిలవలేరు. బరువును కీలు నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేది బలభ్రామకం. బడిలో దీన్ని తలుపు బందులతో చెప్పి వదిలేస్తారు. పిల్లలను నేల మీద పడుకోబెట్టి, చేతులు ఒకసారి ఛాతీ మీద, ఒకసారి తల మీదుగా చాచి లేవమంటే ఆ పాఠం జన్మలో మరిచిపోరు!

సిట్‌అప్‌లో కీలు తుంటి దగ్గర ఉంటుంది. ఛాతీ మీది ప్లేటు అక్కడికి సుమారు 40 సెంటీమీటర్లు. 5 కిలోల బరువు 49 న్యూటన్లు కనుక భ్రామకం దాదాపు 20 న్యూటన్ మీటర్లు. తల వెనక పెడితే దూరం 70 సెంటీమీటర్లు, భ్రామకం 34. చేతులు తల మీదుగా పూర్తిగా చాపితే దూరం 1.1 మీటర్లు, భ్రామకం 54. అంటే చాపిన చేతుల్లోని 2 కిలోల డంబెల్, ఛాతీ మీది 5 కిలోల ప్లేటు కంటే ఎక్కువ పని చేయిస్తుంది. పైగా తల, చేతులు, మొండెం కలిపి శరీర బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. ఏ ప్లేటూ లేకుండానే మనం ఎత్తుతున్న బరువు అది.

దీన్ని ఎత్తే కండరాలు వెన్నుకు చాలా దగ్గరగా ఉంటాయి. అంత తక్కువ దూరం నుంచి అంత భ్రామకాన్ని ఎదుర్కోవాలంటే అవి ఎన్నో రెట్ల బలంతో లాగాలి. నడుము వెన్నుపూసలను తొడ ఎముకకు కలిపే సోయాస్ కండరం లాగినప్పుడల్లా పూసలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టిన ప్రకారం, ఒట్టి సిట్‌అప్‌లోనే ఈ ఒత్తిడి దాదాపు 3300 న్యూటన్లు. బరువులెత్తే కార్మికుల నడుముకు అమెరికా వృత్తి భద్రతా సంస్థ పెట్టిన హద్దు 3400. ప్లేటు చేరకముందే గీత దగ్గరికి వచ్చేశాం. తల వెనక ప్లేటుతో మెడను కూడా ముందుకు లాగేస్తాం కనుక ఆ పద్ధతి నాకు అసలు నచ్చదు.

బరువు వాడాలనుకుంటే క్రంచ్ మేలు. నడుమును నేలకు ఆనించి భుజాల వరకే లేస్తే సోయాస్‌కు పెద్దగా పని ఉండదు. 2 కిలోలతో మొదలుపెట్టి, ప్లేటును ఛాతీకి హత్తుకుని, నెమ్మదిగా లేవాలి. కుదుపుతో లేస్తే బలం ఇంకా పెరుగుతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. హెర్నియా, అధిక రక్తపోటు ఉన్నవారు, ఇటీవల ప్రసవించినవారు వైద్యుణ్ణి అడగకుండా బరువు జోలికి పోకూడదు. ఈ వ్యాయామాలతో పొట్ట మీది కొవ్వే కరుగుతుందన్నది మాత్రం వట్టి నమ్మకం.

తెల్లవారగానే వ్యాయామం చేయాలన్న మాట నడకకు సరిపోతుంది, దీనికి సరిపోదు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉదయం మనం ఒక సెంటీమీటరుకు పైగా పొడుగవుతాం. ఉబ్బిన డిస్కును వంచితే దాని మీద పడే ఒత్తిడి సాయంత్రం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ అదనపు నీటిలో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే దిగిపోతుంది. కాబట్టి ప్లేటు పట్టేది ఆ గంట గడిచాకే.