భుజం మీద ఎర్ర మచ్చ

ఫిబ్రవరిలో ఒక పొద్దున విశాఖ దగ్గరి కంబాలకొండ అడవిలో కాలిబాట పక్కన బూరుగ చెట్టు ఆకులన్నీ రాల్చేసి, ఒళ్లంతా ఎర్రగా పూసి ఉంది. పైకొమ్మల్లో ఒకటే గోల. మా పిన్ని తలెత్తి చూసి, "రామచిలకలే కదా, మన జామచెట్టు మీద రోజూ వాలేవే" అంది.

"కాదు పిన్నీ, ఒక్కసారి గొంతు విను" అన్నాను.

రామచిలుక అరుపు సన్నగా, పదునుగా "కీ కీ" మంటుంది. పైనుంచి వస్తున్నది అది కాదు. బొంగురుగా, గొంతు నిండా గాలి నింపుకుని "క్రా..." అన్నట్టుంది. ఈ తేడా చెవికి పట్టుబడితే, పక్షి కంటబడక ముందే అదేదో తెలిసిపోతుంది.

అది పెద్ద చిలుక. అలెగ్జాండ్రిన్ చిలుక అని లోకమంతా పిలుస్తుంది. అలెగ్జాండర్ సైన్యం మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి యూరప్‌కు పట్టుకెళ్లిందన్న కథ వల్ల ఆ పేరు వచ్చింది. 1766లో జీవశాస్త్రవేత్త లినేయస్ పెట్టిన 'యుపట్రియా' అన్నది దాని శాస్త్రీయ నామంలో నేటికీ ఉంది.

పెద్ద చిలుక అనగానే అందరూ సైజు చూస్తారు. ముక్కు నుంచి తోక కొస దాకా సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది, రామచిలుక 40 దగ్గర ఆగుతుంది. కానీ ఆ పొడవులో సగానికి పైగా తోకే. పక్కన పోల్చుకోడానికి ఇంకో చిలుక లేకపోతే ఎత్తయిన కొమ్మ మీద ఏది పెద్దదో, ఏది చిన్నదో మన కన్ను తేల్చలేదు. అందుకే భుజం చూడాలి. రెక్క ఒంటికి కలిసే చోట, వక్క రంగుకు దగ్గరగా ముదురు ఎరుపు మచ్చ ఉంటే అది పెద్ద చిలుక. రామచిలుకకు అక్కడ అంతా పచ్చే.

మెడలో హారాన్ని నమ్ముకుంటే మోసపోతాం. దవడ కింద నల్ల పట్టీ, మెడ వెనక గులాబీ రంగు వంపు రెండు జాతుల్లోనూ మగవాటికే వస్తాయి, అదీ పుట్టాక రెండు మూడేళ్లకు. ఆడదానికీ పిల్లలకూ హారం ఉండదు. భుజం మచ్చ మాత్రం ఆడ మగ రెండింటికీ ఉంటుంది, పిల్లల్లో కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. ఒక చిక్కుంది. మన కొండల్లోనే తిరిగే, నేరేడుపండు రంగు తల ఉన్న చిన్న చిలుకల్లోనూ మగదానికి భుజం మీద చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది. అప్పుడు తల రంగు చూస్తే సరిపోతుంది. ఇక ముక్కు. పెద్ద చిలుకకు అది గట్టిగా, బరువుగా, పైదీ కిందదీ ఎర్రగా ఉంటుంది. మన దక్షిణాది రామచిలుకల కింది ముక్కులో నలుపు ఎక్కువ. ఎగిరేటప్పుడు కూడా పెద్ద చిలుక రెక్కలు నిదానంగా, బరువుగా కొడుతుంది.

చెట్టు కింద ఎండుటాకుల మధ్య బొటనవేలంత పచ్చ ఈక ఒకటి కనిపించింది. వేళ్లతో పట్టుకుని ఎండకు ఎదురుగా ఎత్తి చూపించాను. చిలకపచ్చ మాయమై, మాసిన పసుపు మిగిలింది. పిన్ని నమ్మలేక తానే తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

చిలుక ఈకలో అసలు పచ్చ రంగుద్రవ్యమే లేదు. ఉన్నది పసుపు. దానికి తోడు, ఈక లోపల గాలి బుడగలతో నిండిన స్పాంజి లాంటి అతి సూక్ష్మమైన అల్లిక మీద పడిన వెలుగులోంచి నీలం మాత్రమే వెనక్కి తిరిగి వస్తుంది. పసుపూ నీలిమందూ కలిపితే పచ్చ వచ్చినట్టు, ఆ రెండూ కలిసి మన కంటికి చిలకపచ్చ అవుతాయి. వెలుగు వెనక నుంచి వస్తే నీలం మనవైపు రాదు, పసుపే మిగులుతుంది. చాలా పక్షులు పసుపునూ ఎరుపునూ తిండిలోంచి తెచ్చుకుంటాయి. చిలుకలు తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. భుజం మీది ఎరుపు కూడా ఆ సొంత సరుకే. ఈకల్ని తినేసే బాక్టీరియాను ఆ రంగు కొంతవరకు తట్టుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యం తీరని సంగతి ఇది. ఈకను ఆకుల మధ్యే వదిలేశాం. అడవిలో దొరికింది అడవిలోనే ఉండాలి.

ఈ పక్షికి తిండి కంటే ఇల్లు కష్టం. పాత చెట్టు తొర్ర కావాలి, అదీ తన ఒంటికి సరిపడేంత పెద్దది. వడ్రంగిపిట్ట వదిలేసిన బొరియనో, కుళ్లిన కొమ్మనో ముక్కుతో తొలుచుకుని వెడల్పు చేసుకుంటుంది. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా అందులో రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు పెడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లను కూల్చినప్పుడు నీడ పోయిందని మనం బాధపడ్డాం. కూలిన ముసలి చెట్టుతో పాటు తొర్ర కూడా పోయింది. నాటిన మొక్క నాలుగైదేళ్లలో నీడ ఇస్తుంది, తొర్ర పడడానికి దశాబ్దాలు పడుతుంది. తొర్రలోంచి పిల్లల్ని తీసి అమ్మేవాళ్లు కొమ్మనే నరికేస్తే నష్టం రెండింతలు. దేశవాళీ చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. ఈ జాతి ఇప్పటికే ప్రమాదపు అంచుకు చేరువవుతున్న జాబితాలో ఉంది.

నెల తర్వాత పిన్ని ఫోన్ చేసింది. "చిలక్కొట్టుడు జామకాయలు ఏరుతున్నాను, నెత్తి మీదుగా ఏదో బొంగురుగా అరుచుకుంటూ పోయిందిరా. భుజం చూసేలోపే దాటిపోయింది."

"ఒక్కటేనా?"

"రెండు. సింహాచలం కొండ వైపు."