పొగను తూకం వేసేదెలా?

2023 మే నెలలో, కెనడా అడవులు తగలబడుతున్న రోజుల్లో, ఎడ్మంటన్ నుంచి మా అక్క రెండు స్క్రీన్‌షాట్లు పంపింది. ఊరు ఒకటే, గంట ఒకటే. గాలిలో పొగ ఎంతుందో చూడ్డానికి పక్కింటివాళ్లు గోడకి తగిలించుకున్న చిన్న సెన్సర్ మాత్రం, గాలి నాణ్యత కొలిచే ప్రభుత్వ స్టేషన్‌కి దాదాపు రెట్టింపు చూపిస్తోంది. "ఒరేయ్, ఏది నమ్మమంటావు? పిల్లల్ని ఆడుకోడానికి పంపాలా వద్దా?" అని ఒకటే టెన్షన్.

చెన్నైలో మా బాల్కనీలోనూ అలాంటి డబ్బా ఒకటుంది. భోగి తెల్లవారుజామున మంచూ పొగా కలిసిపోయినప్పుడు దాని అంకెలు ఎలా ఎగబాకుతాయో ఏటా చూస్తూనే ఉన్నాను కాబట్టి అక్క అడిగింది వెంటనే అర్థమైంది.

ఇక్కడ కొలిచేది పీఎం 2.5, అంటే వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు, లేదా అంతకంటే చిన్నగా ఉండే రేణువులు. స్టేషన్‌లోని యంత్రం గాలిని ఫిల్టర్ టేపు గుండా లాగి, ఆ టేపు మీద పేరుకున్నది బీటా కిరణాలను ఎంత అడ్డుకుందో చూసి బరువు కడుతుంది. ఖరీదు లక్షల్లో ఉంటుంది. చిన్న డబ్బా అసలు బరువే చూడదు. ఫ్యాన్‌తో గాలి లాక్కుని, లేజర్ వెలుగు రేణువుల మీద పడి ఎంత చెదిరిందో చూసి అంచనా వేస్తుంది. రోడ్డు దుమ్ము వెలుగును చెదరగొట్టే తీరు వేరు, కట్టెల పొగది వేరు. పైగా గాలిలో తేమ ఉంటే రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, డబ్బా వాటిని ఇంకా పెద్దవనుకుంటుంది.

అలాగని దాన్ని పారేయకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పర్పుల్‌ఎయిర్ అనే కంపెనీ చేసే ఇలాంటి చిన్న సెన్సర్లను స్టేషన్ల పక్కన పెట్టి పోల్చి ఒక లెక్క తేల్చింది: సెన్సర్ అంకెను 0.524తో గుణించాలి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేయాలి, చివర్లో 5.75 కలపాలి. సెన్సర్ ఘనపు మీటరుకి 200 మైక్రోగ్రాములు చూపిస్తూ తేమ 40 శాతం ఉంటే అసలు విలువ సుమారు 107 అన్నమాట. పొగ మరీ దట్టమైతే వేరే సూత్రం వాడతారు.

కెనడా ఉత్తరాది అడవుల్లో వందల కిలోమీటర్లు పోయినా స్టేషన్ కనబడదు. పైగా అక్కడ కాలేది చెట్లొక్కటే కాదు, కింద పేరుకున్న నాచు, ఆకుచెత్త, సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ పీట్ నేల కూడా. ఊకపొయ్యిలోలా మంట లేకుండా లోలోపల కుమిలే ఆ నిప్పు నుంచి పొగా, కార్బన్ మోనాక్సైడూ ఎక్కువ వస్తాయి. ఆ వాయువు వారాల తరబడి గాలిలో ఉండిపోతుంది కాబట్టి సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమీ అనే పరికరం దాన్ని పైనుంచి పట్టుకోగలదు. దాని ఆధారంగానే 2023 మే నుంచి సెప్టెంబర్ దాకా కెనడా మంటలు దాదాపు 64.7 కోట్ల టన్నుల కార్బన్ వదిలాయని లెక్కగట్టారు. ఏడాదంతా బొగ్గూ చమురూ కాల్చి అంతకంటే ఎక్కువ వదిలే దేశాలు చైనా, అమెరికా, భారత్ మాత్రమే! కానీ ఉపగ్రహం చూసేది నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మొత్తాన్ని. అందులో మన ముక్కు దగ్గర ఎంతుందో అది చెప్పలేదు. అది చెప్పాలంటే ఆ గోడ మీది డబ్బాయే కావాలి, కాస్త సరిదిద్దుకుని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరుకి రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. అక్క పంపినవాటిలో చిన్న అంకె కూడా దానికి చాలా పైనే ఉంది, అందుకని పిల్లల్ని లోపలే ఉంచి కిటికీలు మూసేయమన్నాను.

మా బాల్కనీకి మాత్రం ఆ లెక్క వాడను. అది అక్కడి గాలిలో తేల్చింది, మన సముద్రపు తేమకీ భోగి మంటలకీ కాదు. అక్కడివాళ్లు ఒప్పుకుంటే వచ్చే జనవరిలో మా డబ్బాని చెన్నైలోనే ఉన్న మణలి స్టేషన్ పక్కన నాలుగు రోజులు పెట్టి, రెండు అంకెలూ గంటగంటకీ రాసుకోవాలనుంది.